స్కానింగ్ రూములో ముక్కలవుతున్న రెక్కలు

ప్రతి ఏడాదీ మన ప్రాజెక్ట్ ఎక్స్‌పోలో అల్ట్రాసౌండ్ మీద కనీసం రెండు ప్రాజెక్టులు ఉంటాయి. ఒకటి ఈసీఈ వాళ్లది, ఇంకోటి ఏఐ బ్రాంచి వాళ్లది. రెండూ బొమ్మ మీదే. బొమ్మలో నాయిస్ ఎలా తీయాలి, కిడ్నీలో రాయిని మోడల్ ఎలా గుర్తుపట్టాలి, పిండం తల కొలత దానంతటదే ఎలా రావాలి. పోస్టర్ నిండా నలుపు తెలుపు బొమ్మలు, పక్కన అక్యురసీ శాతాలు. ఆ బొమ్మ తెర మీదికి రావాలంటే ముందు ఒక మనిషి ప్రోబ్ పట్టుకుని కడుపు మీద తిప్పాలి కదా. ఆ చెయ్యి మాత్రం ఏ పోస్టర్‌లోనూ కనపడదు. నేను రాస్తున్నది ఆ చేతి గురించి.

స్కానింగ్ చేసేవాళ్ల భుజాలు, మెడలు, మణికట్లు అరిగిపోతున్నాయి. ఇది వాళ్ల వయసు వల్లో అదృష్టం వల్లో వచ్చేది కాదు. గది అమరిక వల్ల, పని లెక్క వల్ల వచ్చే గాయం. కాబట్టి ఇది డాక్టర్ల సమస్య అయినంత మాత్రాన మన సమస్య కాకుండా పోదు. నన్నడిగితే ముందు మనదే, తర్వాతే వాళ్లది.

ముందొక మాట, ఇది లిటరరీ క్లబ్ పత్రిక కాబట్టి. తెలుగులో కష్టం అనగానే నోటికొచ్చేది రెక్క. రెక్కాడితేగానీ డొక్కాడదు అంటాం. రెక్కలు ముక్కలు చేసుకుని చదివిస్తున్నాం అని ఇంట్లో కనీసం నెలకోసారి వింటాం. ఆ రెక్క పిట్టది కాదు, మనిషిదే. భుజం, దాని కింది చెయ్యి. ఏ అనాటమీ పుస్తకమూ చదవకుండానే మనవాళ్లు పని చేస్తే ముందు ఎక్కడ అరుగుతుందో చెప్పేశారు. నొప్పికి కూడా మనకున్నన్ని మాటలు ఆసుపత్రి ఫారంలో ఉండవు. గుంజుతోంది, లాగుతోంది, పీకుతోంది, సలుపుతోంది, పట్టేసింది, తిమ్మిరెక్కింది, జివ్వుమంటోంది. ఇవన్నీ ఒకటి కాదు. తిమ్మిరి అంటే చాలాసార్లు నరం మీద ఒత్తిడి. పట్టేయడం కండరానిది. రాత్రి ఆ పక్కకు ఒత్తిగిలితే సలిపితే భుజంలో టెండన్ గురించి అనుమానపడాలి. ఫారంలో మాత్రం 'నొప్పి: ఉంది / లేదు' అని రెండు డబ్బాలు.

ఈ తేడాలన్నీ నాకు చెప్పింది మా అక్క, మా పెద్దమ్మ కూతురు. తను రేడియాలజిస్ట్. పొద్దున పటాన్‌చెరులో ఒక చోట, సాయంత్రం సంగారెడ్డిలో ఇంకో చోట స్కానింగ్ చేస్తుంది. ఆ రెండింటి పేర్లు ఇక్కడ అవసరం లేదు, ఏ స్కానింగ్ సెంటర్‌కి వెళ్లినా గది దాదాపు అలాగే ఉంటుంది. రోజుకు ముప్పై నుంచి నలభై కేసులు అంటుంది. మధ్యలో ముంబై హైవే మీద డ్రైవింగ్, ఇస్నాపూర్ దగ్గర ట్రాఫిక్‌లో క్లచ్, గేరు. ఏడాదిన్నరగా కుడి భుజం బాగోలేదు. జడ వేసుకోవడానికి చెయ్యి వెనక్కి పోదు. కుక్కర్ ఎడమ చేత్తో దింపుతుంది. మరి స్కానింగ్ చేసేటప్పుడు నొప్పి రాదా అని అడిగితే ఒక మాట అన్నది: "బొమ్మ దొరికేదాకా చెయ్యి యాదికుండదు తమ్మీ. దొరికినంక యాదికొస్తది."

ఈ ఒక్క మాటలో సమస్య సగం ఉంది. మామూలుగా బరువు మోసేవాడికి నొప్పి వస్తే దించేస్తాడు. శరీరం బ్రేక్ వేస్తుంది. స్కానింగ్‌లో కళ్లు తెర మీద, బుర్ర బొమ్మలో. పిండం గుండెలో నాలుగు గదులూ ఒకేసారి కనపడే కోణం కోసం వెతుకుతున్నప్పుడు ఆ కోణం దొరికిన క్షణంలో చెయ్యి కదపకూడదు, ఊపిరి కూడా బిగబట్టి అలాగే ఉంచాలి. ఎంత ఇబ్బందికరమైన భంగిమలో దొరికితే ఆ భంగిమలోనే బిగుసుకుపోవాలి. అంటే ఇక్కడ గాయం చేసేది కదలిక కాదు, కదలకపోవడం.

ఒక ఆదివారం సెంటర్‌లో పేషెంట్లు లేనప్పుడు అక్కతో వెళ్లి టేపు పెట్టి కొలిచాను. మంచం ఎత్తు మారదు, ఇనుప మంచం, కాళ్లకి చక్రాలు కూడా లేవు. పేషెంట్ దాని మీద వెల్లకిలా పడుకుంటే డాక్టర్ ఆవిడకు కుడి పక్కన కూర్చుంటారు. కుడి చేతిలో ప్రోబ్, ఎడమ చెయ్యి మెషిన్ బటన్ల మీద. తెర ఎదురుగా ఉండదు, ఎడమ పక్కకు ఉంటుంది. మొండెం పేషెంట్ వైపు, తల తెర వైపు, రెండు చేతులూ రెండు దిక్కులకు. స్టూలు గుండ్రంగా తిరుగుతుంది గానీ వీపుకు ఆనుడు లేదు, ఎత్తు పెంచే మర తుప్పు పట్టింది. పైగా మెషిన్‌కూ మంచానికీ మధ్య స్టెబిలైజర్ పెట్టారు, కాబట్టి స్టూలు దగ్గరికి జరగదు. మంచం మీద రెండు దిండ్లు పేషెంట్‌లా పెట్టి అక్కని మామూలుగా కూర్చోమన్నాను. ఫోన్‌తో వెనక నుంచి ఫొటో తీసి కోణం కొలిస్తే, పొట్టకు అవతలి పక్క చూడ్డానికి చెయ్యి చాపినప్పుడు భుజం దగ్గర దాదాపు 70 డిగ్రీలు వచ్చింది.

ఇప్పుడు ఫస్టియర్ ఇంజినీరింగ్ మెకానిక్స్ గుర్తు తెచ్చుకోండి. మనిషి ఒక చెయ్యి బరువు శరీర బరువులో సుమారు 5 శాతం. 60 కిలోల మనిషికి 3 కిలోలు. చెయ్యి చాపితే దాని గరిమనాభి భుజానికి సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటుందనుకుందాం. 70 డిగ్రీల దగ్గర భుజం మీద పడే మూమెంట్ సుమారు 8.3 న్యూటన్ మీటర్లు. దీన్ని ఆపాల్సిన కండరాలు కీలుకి మూడు సెంటీమీటర్ల దూరంలోనే లాగుతాయి. అంటే అవి లాగాల్సిన బలం దాదాపు 280 న్యూటన్లు, మన మాటల్లో 28 కిలోల బరువు. ఖాళీ చేతికే. అదే స్టూలు దగ్గరికి జరిపి, పేషెంట్‌ని మంచం అంచుకి జరగమని చెప్పి, కోణం 30 డిగ్రీలకు తగ్గిస్తే అది 15 కిలోలకు పడిపోతుంది. దాదాపు సగం. మందు లేదు, సర్జరీ లేదు, సైన్ 30 అంతే.

మా రూమ్మేట్ ఇది చూసి వెంటనే పట్టుకున్నాడు: ప్రోబ్ పొట్ట మీద ఆనుతుంది కదా, చేతి బరువు సగం అటు పోదా అని. మంచి ప్రశ్నే. కానీ గర్భిణీ పొట్ట మీద చెయ్యి ఆనించి కూర్చోలేరు. ఇంకా లావుగా ఉన్న పేషెంట్ అయితే లోపలి అవయవం కనపడ్డానికి గట్టిగా ఒత్తాలి, అప్పుడు భారం భుజం నుంచి మణికట్టుకి, వేళ్లకి దిగుతుంది. ప్రోబ్ మీద జెల్ ఉంటుంది, జారుతుంది. జారేదాన్ని పట్టుకోవాలంటే అవసరానికి మించి బిగించాలి. దాని వెనక కేబుల్ వేలాడుతూ లాగుతూనే ఉంటుంది. అక్క ఆ కేబుల్‌ని మెడ మీదుగా వేసుకుని చేస్తుంది, అంటే చేతి బరువుని తీసి మెడకి అప్పజెప్పింది.

బిగించి పట్టిన కండరానికి రక్తం సరిగ్గా అందదు. దీని మీద జర్మనీలో రోమెర్ట్ అనే శాస్త్రవేత్త 1960లో గీసిన గ్రాఫ్ ఎర్గోనామిక్స్ పుస్తకాలన్నిట్లో ఉంటుంది. కండరం పూర్తి బలంలో 15 శాతం లోపు వాడితే చాలాసేపు పట్టి ఉంచొచ్చు, అది దాటేకొద్దీ ఓపిక టైమ్ గబగబా పడిపోతుంది అని ఆయన లెక్క. తర్వాత వచ్చిన వాళ్లు ఆ 15 కూడా ఎక్కువే, రోజంతా చేసే పనికి ఇంకా తక్కువ ఉండాలి అన్నారు. స్కానింగ్ చేసేవాళ్లది రోజంతా చేసే పనే.

ఇది కొత్తగా కనిపెట్టిన జబ్బేం కాదు. ఇటలీలో రామజ్జినీ అనే డాక్టర్ పనివాళ్ల జబ్బుల మీద రాసిన పుస్తకం 1713 కూర్పులో లేఖకుల చేతి నొప్పి గురించి ఉంది. మూడు కారణాలు చెప్పాడు: కదలకుండా కూర్చోవడం, చెయ్యి ఎప్పుడూ ఒకే దిశలో ఆడటం, తప్పు పోతుందేమోనని మనసు బిగబట్టి ఉండటం. చేతిలో కలం తీసి ప్రోబ్ పెట్టండి, ఒక్క మాట మార్చనక్కర్లేదు. ముఖ్యంగా ఆ మూడోది. ఒక డాక్టర్ లోపాన్ని చూడకుండా వదిలేస్తే ఏమవుతుందో ఆ డాక్టర్‌కి తెలుసు. ఆ భయం భుజాల్లోకి ఎక్కుతుంది. బ్రిటన్‌లో టెలిగ్రాఫ్ ఆపరేటర్ల చేతి తిమ్మిర్లను 1908లోనే నష్టపరిహారం ఇవ్వాల్సిన జబ్బుల్లో చేర్చారు. అల్ట్రాసౌండ్ సంగతికి వస్తే అమెరికాలో మార్వీన్ క్రెయిగ్ 1985లో ఇది వృత్తి ప్రమాదమా అని అడుగుతూ వ్యాసం రాసింది. 'సోనోగ్రాఫర్ భుజం' అనే పేరు అప్పటి నుంచి వాడుకలోకి వచ్చింది. అక్కడ 2009లో అచ్చయిన పెద్ద సర్వేలో జవాబిచ్చినవాళ్లలో 90 శాతం మంది నొప్పితోనే స్కాన్ చేస్తున్నామన్నారు. పదేళ్ల ముందు సర్వేలో అది 81. నొప్పి ఉన్నవాళ్లే సర్వేలు నింపుతారు, కాబట్టి ఆ 90లో కొంత తీసెయ్యండి. సగానికి సగం తీసేసినా నాకు చాలు. ఏ ఫ్యాక్టరీలోనైనా ఒక మెషిన్ దగ్గర పనిచేసేవాళ్లలో సగం మందికి అదే చోట నొప్పి వస్తే మనం మనుషుల్ని చూస్తామా, మెషిన్‌ని చూస్తామా?

అమెరికా కథకీ మన కథకీ ఒక పెద్ద తేడా ఉంది. అక్కడ ప్రోబ్ పట్టుకునేది సోనోగ్రాఫర్ అనే టెక్నాలజిస్ట్. డాక్టర్ తర్వాత బొమ్మలు చూసి రిపోర్టు ఇస్తాడు. వాళ్లకి సంఘం ఉంది, ఆ సంఘం 2003లో ప్రమాణాలు రాసుకుంది, 2006లో వాళ్ల ప్రభుత్వ సంస్థ నియోష్ కూడా ఈ నొప్పుల నివారణ మీద ఒక పత్రం వేసింది. మన దగ్గర గర్భిణీకి స్కానింగ్ చేయడానికి అర్హత డాక్టర్లకే. లింగ నిర్ధారణని ఆపడానికి 1994లో వచ్చిన చట్టం, 2003లో గట్టిపడిన చట్టం, అదే పీసీపీఎన్‌డీటీ. ఆ చట్టం ఎందుకొచ్చిందో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆరేళ్లలోపు పిల్లల్లో వెయ్యి మంది మగపిల్లలకి ఆడపిల్లలు 2001లో 927, 2011 నాటికి 918. చట్టం ఉండాల్సిందే, నేను దాన్ని సడలించమనట్లేదు. అయితే దాని ఫలితంగా ఇక్కడ బరువు పంచుకునే రెండో చెయ్యి లేదు. అదే మనిషి స్కాన్ చేయాలి, కొలవాలి, చూసిందాని అర్థం చెప్పాలి, రిపోర్టు చెప్పి టైప్ చేయించాలి, ఫారం ఎఫ్ చూసి సంతకం పెట్టాలి. చట్టం ఒక చేతిని మాత్రమే అనుమతిస్తే ఆ చేతిని కాపాడాల్సిన బాధ్యత కూడా ఎవరో ఒకరు తీసుకోవాలి కదా. ఆ ఎవరో ఎవరన్నది ఎక్కడా రాసి లేదు.

మన బెల్ట్‌లో ఇంకో విచిత్రం ఉంది. రామచంద్రాపురంలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. ఫ్యాక్టరీ కార్మికుడికి భుజం పట్టేస్తే అల్ట్రాసౌండ్ చేసి సుప్రాస్పైనేటస్ టెండన్ చిరిగిందో లేదో చూడొచ్చు. ఆ టెండన్ చూడాలంటే స్కాన్ చేసే డాక్టర్ తన చెయ్యి చాపి పట్టుకోవాలి, అంటే తన సుప్రాస్పైనేటస్‌ని బిగించాలి. అక్క దీని మీద నవ్వుతుంది: "ఒక్కోసారి తెర మీద కనపడేది పేషెంట్‌దా నాదా అనిపిస్తది." 2017 నుంచి ఈఎస్ఐ జీతం పరిమితి నెలకు 21,000 రూపాయలు. ఆ పైన ఉన్నవాళ్లు అందులోకి రారు. డాక్టర్ కార్మికుడి గాయాన్ని ధ్రువీకరించొచ్చు, తన గాయం మాత్రం ఏ రిజిస్టర్‌లోకీ ఎక్కదు. కేసుకింత అని డబ్బు తీసుకునేవాళ్లకైతే సెలవు అంటేనే సంపాదన లేకపోవడం.

"నువ్వు పాశమైలారం పక్కన కూర్చుని ఏసీ రూములో ఉండే డాక్టర్ల భుజాల గురించి రాస్తున్నావా?" అని మన క్లబ్‌లోనే ఒకరు అడిగారు. అడగాల్సిందే. 2025 జూన్ 30న అక్కడ జరిగిన పేలుడులో నలభై మందికి పైగా చనిపోయారు. ఆ పొగని మనలో చాలామంది చూశారు. దాని ముందు భుజం నొప్పి మాట ఎత్తడం చిన్నతనంలా అనిపిస్తుంది, నిజమే. కానీ నాకు ఇందులో పోటీ కనపడట్లేదు. మా వీధిలో ఒక ఆంటీ మాత్రల ప్యాకింగ్ లైన్‌లో పదేళ్ల నుంచి పనిచేస్తోంది. ఆమె భుజం, అక్క భుజం ఒకే చోట సలుపుతాయి. ఇద్దరికీ కారణం ఒకటే: చెయ్యి చాపి, ఒకే తీరుగా, దించే టైమ్ లేకుండా. ఒకామెకి నెలకు పద్నాలుగు వేలు, ఒకామెకి లక్షల్లో. టెండన్‌కి జీతం తెలియదు.

ఇద్దర్నీ చూడనిది కూడా ఒకటే. ఫ్యాక్టరీల చట్టం, 1948 మూడో షెడ్యూల్ తీసి చదవండి. డాక్టర్ కంటపడితే ఇన్‌స్పెక్టర్‌కి తప్పనిసరిగా తెలియజేయాల్సిన 29 జబ్బులున్నాయి. సీసం విషం, పాదరసం, సిలికోసిస్, ఆస్‌బెస్టాస్, శబ్దం వల్ల చెవుడు. భుజం లేదు, మెడ లేదు, మణికట్టు లేదు. 2020లో పాసై 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త కోడ్‌లో కూడా జాబితా దాదాపు అదే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన వృత్తి జబ్బుల జాబితాలో మాత్రం కండరాలు, కీళ్ల జబ్బులకి ఒక విభాగమే ఉంది, కార్పల్ టనెల్ పేరు పెట్టి మరీ. పేలేది, మండేది, ఊపిరితిత్తుల్లోకి పోయేది మన చట్టానికి కనపడుతుంది. నెమ్మదిగా అరిగేది కనపడదు. డాక్టర్ భుజాన్ని లెక్కలోకి తెస్తే ప్యాకింగ్ ఆంటీ భుజం కూడా ఆ వెనకే వస్తుంది. పైగా డాక్టర్ మాట వినేవాళ్లు ఎక్కువ, ముందు వాళ్లు మాట్లాడితేనే అందరికీ మంచిది.

కానీ డాక్టర్లు మాట్లాడరు. ఎందుకంటే 'నాకు భుజం బాగోలేదు' అన్న రేడియాలజిస్ట్‌ని తీసుకునే సెంటర్ ఉండదు. దానికి తోడు ఓర్చుకోవడం అనేది డాక్టర్ చదువులో రాయని సబ్జెక్టు. ముప్పై ఆరు గంటల డ్యూటీలు చేసి వచ్చినవాళ్లకి ఒక చెయ్యి నొప్పి ఫిర్యాదులా అనిపించదు. దీన్ని త్యాగం అని పొగిడేవాళ్లంటే నాకు చిరాకు. మర తుప్పు పట్టిన స్టూలు మీద కూర్చోవడం త్యాగం ఎలా అవుతుంది? మెయింటెనెన్స్ చేయకపోవడం అవుతుంది.

ఇందులో నష్టపోయేది డాక్టర్ ఒక్కరే అయితే కూడా రాసేవాణ్ణి, కానీ ఒక్కరే కాదు. 2017లో కేసీఆర్ కిట్ మొదలైంది, ప్రసవానికి ప్రభుత్వాసుపత్రికే రమ్మని. 2022 నవంబరులో రాష్ట్రంలో 44 ప్రభుత్వాసుపత్రులకు 56 టిఫ్ఫా స్కానింగ్ మెషిన్లు ఇచ్చారు. మంచి పని, ప్రైవేటులో ఆ స్కాన్‌కి వేలల్లో అవుతుంది. టిఫ్ఫా అంటే పిండంలో తల నుంచి కాలి వేళ్ల దాకా లోపాలు వెతికే స్కాన్, సుమారు 18 నుంచి 22 వారాల మధ్య చేస్తారు. బిడ్డ సరిగ్గా తిరిగి ఉంటే ఇరవై నిమిషాలు, లేకపోతే తల్లిని నడిచి రమ్మని మళ్లీ మొదలుపెట్టాలి. మామూలు స్కాన్‌కంటే చెయ్యి చాపి ఉంచే సమయం చాలా ఎక్కువ. మెషిన్లు 56 వచ్చాయి, వాటితో పాటు భుజాలు 56 జతలు రావు కదా.

ఇస్నాపూర్, పాశమైలారం చుట్టూ ఒడిశా, బీహార్, యూపీ నుంచి వచ్చిన కుటుంబాలెన్నో. స్కానింగ్‌కి రావాలంటే భర్త ఒక పూట కూలీ పోగొట్టుకోవాలి. డాక్టర్‌కి చెయ్యి లేవక సెలవు పెట్టిన రోజు వాళ్లని 'వచ్చే వారం రండి' అని పంపేస్తారు. 21వ వారంలో ఉన్నామెకి వచ్చే వారం అంటే చిన్న మాట కాదు. గర్భస్రావ చట్టం 2021 సవరణ తర్వాత కూడా 24 వారాల గీత దాటితే లోపం తీవ్రమైనదని మెడికల్ బోర్డు తేల్చాలి. స్కాన్ ఆలస్యమైతే తర్వాత రిపోర్టులు, రెండో అభిప్రాయం, నిర్ణయం, అన్నీ ఆ గీతకి గుద్దుకుంటాయి. ఒక తుప్పు పట్టిన మర నుంచి అక్కడి దాకా దారి ఉంది.

లెక్కపెట్టని నష్టం లేనట్టే అని ఈ ప్రాంతానికి ఎవరూ నేర్పక్కర్లేదు. నక్కవాగు రంగు మారినప్పుడు పటాన్‌చెరులో ప్రాక్టీసు చేసిన డాక్టర్ అల్లాని కిషన్ రావు లాంటివాళ్లు తమ దగ్గరికొచ్చే రోగాల్ని కాలుష్యంతో కలిపి చూడబట్టే, ఊళ్లు కోర్టుల దాకా వెళ్లబట్టే, అది కాలుష్యం అని పేరు పెట్టించుకుంది. 2004లో గ్రీన్‌పీస్ వాళ్లు ఈ పల్లెల ఆరోగ్యం మీద సర్వే రిపోర్టు వేశారు. అంతకుముందు అదంతా 'ఏదో నీళ్లు పడలేదు' అనే ఖాతాలో పోయేది. ఇప్పుడు స్కానింగ్ చేసేవాళ్ల నొప్పులు 'ఏదో వయసు పైబడింది' ఖాతాలో పోతున్నాయి. అక్కకి ముప్పై ఏడు.

మరి ఏం చేయాలంటే, చాలావరకు తెలిసిన విషయాలే. కోణం 30 డిగ్రీల లోపు, మోచెయ్యి దగ్గర తొంభై, మణికట్టు వంగకుండా, మోచేతి కింద ఏదో ఒక ఆసరా, ఎత్తు మారే మంచం, వీపుకి ఆనుడున్న కుర్చీ, తెర ఎదురుగా. రెండు పెద్ద స్కాన్లు వరసగా పెట్టకుండా మధ్యలో ఒక చిన్నది. ఇవి అమెరికా వాళ్ల పత్రాల్లో ఇరవై ఏళ్ల నుంచి ఉన్నాయి. నా పట్టుదలల్లా ఒక్కదాని మీద: మెషిన్ కొనే బిల్లులోనే మంచం, కుర్చీ ఉండాలి. విడిగా పెడితే ఎప్పటికీ కొనరు. లక్షలు పెట్టి మెషిన్ కొన్నవాళ్లకి కూడా మంచం దగ్గరికొచ్చేసరికి 'ఉన్నది చాలు' అనిపిస్తుంది. కంపెనీ వాళ్లు ప్రోబ్ రిజల్యూషన్ గురించి గంటసేపు డెమో ఇస్తారు, కూర్చునేవాళ్ల గురించి ఒక్క స్లైడ్ ఉండదు.

ఏఐ ఫ్రెండ్స్ కోపం తెచ్చుకోకండి. తల కొలత, తొడ ఎముక కొలత దానంతటదే వస్తే ఎడమ చేతి క్లిక్కులు తగ్గుతాయి, టైమ్ కూడా తగ్గుతుంది, అది నిజమైన ఉపకారం. నా అనుమానం వేరే. ఒక్కో కేసుకి మూడు నిమిషాలు మిగిలితే ఆ మూడు నిమిషాలు భుజానికి ఇస్తారా, ఇంకో నాలుగు కేసులకి ఇస్తారా? సెంటర్ నడిపేవాళ్లెవరైనా రెండోదే చేస్తారు. అప్పుడు మీ మోడల్ ఎంత బాగా పనిచేస్తే అక్క చెయ్యి అంత తొందరగా పోతుంది. ఆ మిగిలిన టైమ్ ఎవరిదో ముందే తేల్చుకోకుండా వేగాన్ని మేలు అనలేం.

మనకు సుల్తాన్‌పూర్‌లో మెడికల్ డివైజెస్ పార్కు ఉంది, కాలేజీ బస్సులో అరగంట. కందిలో ఐఐటీ ఉంది, అందులో బయోమెడికల్ డిపార్ట్‌మెంట్ ఉంది. వెల్డింగ్ షాపులు, ఫోమ్ కటింగ్ వాళ్లు, గ్యాస్ స్ప్రింగ్ అమ్మేవాళ్లు అందరూ ఈ హైవే మీదే దొరుకుతారు. దేశంలో ఎక్కడైనా స్కానింగ్ మంచం, కుర్చీ చవగ్గా తయారవ్వాలంటే ఇక్కడే అవ్వాలి. మెకానికల్ వాళ్లకి ప్రాజెక్ట్ టాపిక్ దొరకట్లేదని ప్రతి జులైలో ఏడుపు. ఇదిగో టాపిక్.

మేం ముగ్గురం ఒకటి మొదలుపెట్టాం. మోచేతి కింద ఆసరా, మంచం పక్క రాడ్‌కి బిగించేది, పక్కకి తిరిగేది, మూడు కిలోలు మోస్తే చాలు. కేబుల్ కోసం సెలైన్ స్టాండ్‌కి ఒక కొక్కెం, ఇది మాత్రం బాగా కుదిరింది, అక్క మెడ మీద నుంచి కేబుల్ దిగింది. మొత్తం ఖర్చు ఇప్పటిదాకా పదకొండు వందలు. చిక్కల్లా ఆసరా మీది మెత్త దగ్గరే. ఫోమ్ మీద రెక్సిన్ వేస్తే జెల్ పడి చెయ్యి జారుతోంది, గుడ్డ వేస్తే పేషెంట్‌కి పేషెంట్‌కి మధ్య తుడవడం కుదరదు. సిలికాన్ షీట్ చూశాం, చెమటకి అంటుకుంటోందని అక్క ఒప్పుకోలేదు. స్పిరిట్‌తో తుడిచినా పాడవకుండా, జెల్ పడ్డా జారకుండా ఉండే మెటీరియల్ ఎవరికైనా తెలిస్తే క్లబ్ గ్రూప్‌లో చెప్పండి. కెమికల్ బ్రాంచి వాళ్లు ముఖ్యంగా.